మొక్కు తీరని తల

మా డైరెక్టరుగారిది బట్టతల. ఈ ముక్క ముందే చెప్పేయాలి, ఎందుకంటే మేం చేసిన పొరపాటు అక్కడి నుంచే మొదలైంది. నున్నటి తల, ఎక్కడ వేలు పెడితే అక్కడ ఎముక. మేం తయారుచేసే మిషన్‌కు అంతకంటే మంచి తల పంజాగుట్ట మొత్తం వెతికినా దొరికేది కాదు.

వైద్య పరికరాల పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఏదైనా అనుభవం రాసిపెట్టమని ఈ మధ్య ఒకరు అడిగారు. అనుభవం అనగానే జనం విజయగాథ కోసం చూస్తారు. నా దగ్గర అది లేదు. ఉన్నదల్లా ఒక పాప తల, ఆ తల మీద జుట్టు, దాని దగ్గర ఆఫీసంతా కలిసి బోర్లాపడిన వైనం. ఓపిక ఉంటే చదవండి. రాయడానికి నాకే ఓపిక చాలడం లేదు, ఇక మిమ్మల్ని ఏమంటాను.

ముందు మిషన్ సంగతి. రెండు చెవులూ వేళ్లతో గట్టిగా మూసుకుని ఒక జంతిక నమిలి చూడండి. తలలో పిండిమర ఆడుతున్నట్టు వినిపిస్తుంది. ఆ చప్పుడు చెవి రంధ్రంలోంచి రాలేదు, దవడ ఎముక మోసుకొచ్చింది. కొందరు పిల్లలు చెవి రంధ్రాలు లేకుండానే పుడతారు. లోపలి చెవి శుభ్రంగా ఉంటుంది, దానికి పోయే దారే ఉండదు. అలాంటివాళ్ల కోసం శబ్దాన్ని కంపనంగా మార్చి చెవి వెనక ఎముక మీద అదిమిపెడితే, ఎముకే దాన్ని లోపలికి చేరవేస్తుంది. మాది ఆ పని. తల మీదుగా వంగిన ఉక్కు పట్టీ, ఒక కొసన మైకు, రెండో కొసన కంపించే గుండ్రటి బిళ్ల. రెండూ పక్కపక్కన ఉంటే మిషన్ కీచుమంటుంది, అందుకని చెరోవైపు పెట్టాం. ఎముకకు కుడి ఎడమల పట్టింపు లేదు. ఏ వైపు నొక్కినా రెండు లోపలి చెవులకూ అందిస్తుంది.

అంతకుముందు వాడకంలో ఉన్నవాటికి జేబులో ఒక పెట్టె, మెడ మీదుగా ఒక తీగ ఉండేవి. పిల్లలు ఆడుకుంటూ ఆ తీగ తెంపుకునేవాళ్లు. మేం అన్నింటినీ పట్టీలోనే ఇమిడ్చాం. అదే మా గొప్ప. ఇక మిగిలిన చిక్కు బిగువు ఒక్కటే. గట్టిగా నొక్కితే నొప్పి, కొన్నాళ్లకు పుండు. వదులైతే మాట సగం దారిలో జారిపోతుంది. నా ఉద్యోగంలో చాలా భాగం ఆ రెండింటి మధ్యే గడిచిపోయింది.

మా ఆఫీసు పంజాగుట్ట మెయిన్ రోడ్డు మీద, ఒక పాత బిల్డింగు మూడో అంతస్తులో ఉండేది. అప్పటికి ఫ్లైఓవర్ లేదు. కిటికీ తెరిచి అమీర్‌పేట వైపు చూస్తే కనబడేవన్నీ కంప్యూటర్ కోచింగ్ బోర్డులే, పై అంతస్తు నుంచి కింద ఇడ్లీ బండి దాకా. హారన్ల మోత ఆగేది కాదు. వినికిడి మిషన్లు చేసేవాళ్లకు అంతకంటే చెడ్డ చోటు ఉండదు. ఒక గదిలో గోడలకు దూది పరుపులు కొట్టి, తలుపుకు రగ్గు వేలాడదీసి, దాన్నే పరీక్ష గది అనుకునేవాళ్లం. కింద బస్సు బ్రేకు వేస్తే ఆ గదిలోకీ వినిపించేది. పరీక్ష ఆపి, బస్సు వెళ్లాక మళ్లీ మొదలుపెట్టేవాళ్లం.

నేను ఎలక్ట్రానిక్స్ చూసేదాన్ని. డైరెక్టరుగారిదీ మాదీ కృష్ణా జిల్లానే. ఆయన నన్ను అమ్మా అనేవారు, కోపం వస్తే అమ్మా తల్లీ అనేవారు. మెకానికల్ పనంతా ఒక కుర్ర ఇంజనీరుది. ఇక్కడే పుట్టి పెరిగినవాడు. పట్టీ వంపు, స్ప్రింగు బిగువు, అచ్చుల డ్రాయింగులు అన్నీ అతనివే. మంచి చెయ్యి, కానీ మనసు రోడ్డుకు అవతల ఉండేది. పొద్దున్నే అమీర్‌పేటలో జావా క్లాసు విని, ఆ పుస్తకంతోనే ఆఫీసుకు వచ్చేవాడు. ఇంకో నాలుగు నెలలే మేడమ్, తర్వాత నేనుండ అని చేరిన రోజు నుంచీ చెబుతూనే ఉన్నాడు. ఆ రోజుల్లో ఇంజనీర్లంతా అంతే, కూర్చునేది ఒకచోట, చూసేది మరోచోట. తప్పు పట్టేదేం లేదు.

కొత్త పట్టీ ఏది తయారైనా మొదట తొడిగేది డైరెక్టరుగారికే. ఆయన చెవుల్లో దూది, మైనం కూరి పరుపుల గదిలో కూర్చోబెట్టేవాళ్లం. నేను ఆయన వెనక నిలబడి మాటలు చదివితే ఆయన తిరిగి చెప్పేవారు. సీసా అంటే సీసా, చిలక అంటే చిలక. ఒక్క మాటా పోయేది కాదు. బ్రహ్మాండం అంటూ తల నిమురుకుంటూ బయటికి వచ్చేవారు. మేం కూడా బ్రహ్మాండమే అనుకున్నాం.

అప్పుడే ఆ పాప వచ్చింది. ఆరేళ్ల పిల్ల. చెవులు ఉండాల్సిన చోట చిన్న మొగ్గల్లాంటివి ఉన్నాయి, రంధ్రాలు లేవు. తండ్రి అమీర్‌పేట సందులో జాకెట్లు కుట్టే టైలరు. ఊళ్లో నేతపని సాగక సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన కుటుంబం, కాపురం బోరబండలో. తల్లి ఇంట్లోనే చీరలకు ఫాల్ కుట్టేది. పిల్లకు లోపలి చెవి బాగానే ఉంది, మిషన్ పెడితే వింటుందని ఆసుపత్రిలో చెప్పారట. ఆ మాట చెవిన పడగానే తల్లి పిల్లను తీసుకుని వేములవాడ వెళ్లి రాజన్నకు తలనీలాలు ఇప్పించి, తిన్నగా మా దగ్గరికి వచ్చింది. గుండు మీద గంధం ఇంకా అలాగే ఉంది.

కళ్లజోడు కాడకు బిగించే రకం ఇలాంటి పిల్లలకు పనికిరాదు, తగిలించుకోవడానికి చెవులుండాలి కదా. పట్టీ ఒక్కటే గతి. తొడిగాం. నేను వెనక్కి వెళ్లి మామూలు గొంతుతో పేరు పెట్టి పిలిచాను. పిల్ల గిరుక్కున తిరిగింది. అప్పటిదాకా దగ్గరికొచ్చి అరిస్తే తప్ప వినని పిల్ల. తల్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. డైరెక్టరుగారు పిల్ల గుండు మీద చెయ్యి వేసి, మా ఇద్దరిదీ ఒకటే స్టైలు అన్నారు. ఆఫీసంతా నవ్వాం. నా ఉద్యోగంలో అంత సంతోషించిన రోజులు తక్కువ.

బోరబండలో వాళ్ల గల్లీ బడిలోనే పిల్లను చేర్చుకున్నారు. ముందు బెంచీలో కూర్చోబెట్టారు. ముద్దముద్దగా వచ్చే మాటలు ఏడాది తిరిగేసరికి తేటపడ్డాయి. మూడు నాలుగు నెలలకోసారి వచ్చి మిషన్ చూపించుకుని వెళ్లమన్నాం, వచ్చేవాళ్లు. పరీక్ష చేస్తే ప్రతిసారీ బ్రహ్మాండమే. ప్రతిసారీ పిల్లకు కొత్త గుండు. మీ మొక్కులు ఎప్పటికి తీరతాయమ్మా అని నేను అనేదాన్ని. రాజన్నకు ఈ పిల్ల జుట్టు తప్ప ఇంకేం దొరకలేదా అని డైరెక్టరుగారు అనేవారు. తల్లి చిన్నగా నవ్వి ఊరుకునేది. బయటి నుంచి ఎవరైనా పెద్దమనుషులు వస్తే మేం ఆ పిల్లను పిలిపించి చూపించేవాళ్లం. ఆ ధైర్యంతోనే డైరెక్టరుగారు అచ్చులు కోయమని బాలానగర్‌లో చెప్పేశారు. ఒకసారి ఉక్కులో అచ్చు పడిందంటే ఇక మార్పులుండవు, వందల పట్టీలు అదే రూపంలో వస్తాయి.

అలా రెండేళ్లు నడిచింది. ఒక దసరా వెళ్లిన వారంలో, మధ్యాహ్నం పూట, తల్లి పిల్లను రెక్క పట్టుకుని తీసుకొచ్చింది. మిషన్ పిల్ల తల మీద లేదు, తల్లి చేతిలో తువ్వాలులో చుట్టి ఉంది. పిల్ల దాన్ని తండ్రి కుట్టుమిషన్ సొరుగులో దాచేసిందట, పెట్టబోతే విసిరికొడుతోందట. జర నువ్వన్న చెప్పమ్మా అని తల్లి నన్ను అడిగింది.

సంగతి ఏమిటంటే, బతుకమ్మ ఆడే రోజు గల్లీ ఆడపిల్లలంతా జడల్లో బంతిపూలు పెట్టుకుని వచ్చారు. ఈ పిల్లకు అంతకు రెండు రోజుల ముందే గుండు చేయించారు. పోయి పోరగాళ్ల పక్కన నిలబడమని ఎవరో అన్నారు. మిషన్ ఉంది కాబట్టి ఆ మాట పిల్లకు స్పష్టంగా వినబడింది. మేం చేసిన మిషన్ అంత బాగా పనిచేసింది మరి.

నేను పిల్ల ముందు కూర్చుని, దగ్గరగా గట్టిగా మాట్లాడి, మిషన్ ఎందుకు వద్దో అడిగాను. నేల చూపులు చూస్తూ చెప్పింది.

"నాకు ఇనుడొద్దు. జడ గావాలె."

రెండూ ఉంచుకో, ఎవరు వద్దన్నారు అన్నాను. అప్పుడు తల్లి మధ్యలోకి వచ్చింది. అన్నాళ్లూ ఆమె ఎందుకు నవ్వి ఊరుకుందో అప్పుడు తెలిసింది.

"గట్ల కాదమ్మా. ఎంటికలు పెరిగితే ఇనబడదు. రాజన్నకు ఇస్తేనే మల్ల ఇనబడుతది."

మొదటిసారి జుట్టు కాస్త పెరిగేసరికి పిల్లకు మాటలు తప్పిపోవడం మొదలైందట. సబ్బు తెమ్మంటే డబ్బా తెచ్చేది. తల్లి భయపడి మళ్లీ వేములవాడ తీసుకుపోయింది. గుండు చేయించగానే వినికిడి తిరిగి వచ్చింది. మళ్లీ పెరిగింది, మళ్లీ తగ్గింది, మళ్లీ ఇచ్చింది, మళ్లీ వచ్చింది. దేవుడు ఇచ్చిన చెవులకు దేవుడే బాకీ వసూలు చేసుకుంటున్నాడని ఆమె అనుకుంది. అడిగితే ఎక్కడ పోతుందోనని మా దగ్గర నోరెత్తలేదు.

మా గొంతులు విని డైరెక్టరుగారు గదిలోంచి వచ్చారు. విషయం పూర్తిగా వినలేదు, పిల్ల అలిగిందని మాత్రం అర్థమైనట్టుంది. ఎప్పటి అలవాటు కొద్దీ వంగి, తన తల తట్టి చూపించి, నాకూ లేదు కదా, నేను బాగా లేనా అని గట్టిగా అడిగారు. పిల్ల ఆయన్ని తేరిపార చూసింది.

"నీకు లేకున్నా నడుస్తది సారూ. నాకు నడవది."

ఆయన లోపలికి వెళ్లిపోయారు.

బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టడం అని మనం నవ్వుతాం. ఆ మధ్యాహ్నం ఆ ముడి మా బల్ల మీదే ఉంది, విప్పక తప్పలేదు. చెవులు లేకుండా పుట్టిన పిల్లల్లో చాలామందికి జుట్టు మొదళ్లు బాగా కిందికి ఉంటాయి. మామూలుగా చెవి వెనక నున్నగా ఉండే చోట వీళ్లకు జుట్టు మొలుస్తుంది. మా బిళ్ల సరిగ్గా అక్కడే కూర్చుంటుంది. నేను నా చెవుల్లో మైనం పెట్టుకుని, బిళ్లను కాస్త పైకి, నూనె రాసిన జుట్టు మీదికి జరిపించుకుని పరుపుల గదిలో కూర్చున్నాను. కుర్ర ఇంజనీరు వెనక నిలబడి మాటలు చదివాడు. మోటు శబ్దాలు వచ్చాయి. సకారాలు, చకారాలు, సన్నటివన్నీ జుట్టే తినేసింది. నూనెకు బిళ్ల జారి కాసేపటికి అవీ తగ్గాయి. సబ్బు నాకు కూడా డబ్బాలాగే వినిపించింది.

తల్లి చూసింది తప్పు కాదు. జుట్టుకీ వినికిడికీ సంబంధం ఉందని ఆమె ప్రతిసారీ రుజువు చేసుకుంది. మేమే ఆమె గుడికి పోతోందని నవ్వుకుంటూ, ఒక బట్టతలనూ ఒక గుండునూ నమ్మి అచ్చులు కోయించుకుంటున్నాం. అన్నిటికంటే నాకు ఒళ్లు మండింది ఏమిటంటే, ఆ ఆఫీసుకు నడుం దాటిన జడతో రోజూ వెళ్లేదాన్ని నేనే. పొద్దున్నే తలకు ఇంత కొబ్బరినూనె పట్టించుకుని పోయి, సాయంత్రం దాకా బట్టతల మీద బిగువు కొలిచేదాన్ని.

అచ్చు ఆపించండి అని డైరెక్టరుగారిని అడిగాను. ఆయన ఒప్పుకోలేదు. ఒక్క పిల్ల కోసం మొత్తం ఎలా ఆపుతామన్నారు, అందరికీ జుట్టు అంత కిందికి ఉండదన్నారు. చెవులు సరిగ్గా ఉన్నవాళ్లు మన దగ్గరికి ఎందుకొస్తారండీ అన్నాను. అమ్మా తల్లీ అన్నారు. రెండు రోజులు మా మధ్య మాటల్లేవు. మూడో రోజు ఆయనే పిలిచి, కాస్త మొహమాటంగా, మీ ఇంట్లో సవరం ఉందా అని అడిగారు.

పెళ్లినాటి సవరం ఒకటి ఉంటే తెచ్చాను. దాన్ని విప్పి, రబ్బరు పట్టీలతో ఆయన తలకు కట్టి, మీద నూనె రాసి, ఆ పైన మిషన్ తొడిగాం. తెల్లచొక్కా, టై, వీపు దాకా జుట్టు. కుర్ర ఇంజనీరు నవ్వలేక కారిడార్‌లోకి పారిపోయాడు. అదొక పరీక్ష అని చెప్పుకోలేం, అతికించిన జుట్టు మొలిచిన జుట్టులా ప్రవర్తించదు. కానీ చదివిన మాటల్లో సగానికి పైగా ఆయనకు తప్పాయి. తప్పిన మాటలన్నీ కాగితం మీద చూపించాను. చూసి, తల మీద సవరం తీయకుండానే ఫోనెత్తి బాలానగర్‌కు చెప్పి అచ్చు ఆపించేశారు. ఆయన మీద నాకు ఇప్పటికీ గౌరవం ఉన్నది ఆ ఒక్క ఫోన్‌కే.

ఆపడం తేలిక. తర్వాత ఏం చేయాలో ఎవరికీ తెలియదు. నుదుటి మీద పెడితే జుట్టు బాధ లేదు కానీ శబ్దం బాగా తగ్గిపోతుంది, పైగా ఆడపిల్ల బొట్టు పెట్టుకునే చోటు. బిళ్ల కింద మాత్రమే గొరిగితే రెండు రోజుల్లో ముళ్లలా మొలిచి గుచ్చుకుంటుంది. ఇక ఆ పిల్ల తల మీద ఇంకో కత్తి పడనివ్వకూడదని నాకు పంతం పట్టుకుంది. తల్లిని పిలిచి, ఈసారి జుట్టు తీయించొద్దు, మేం దారి చూస్తాం అని చెప్పాను. రాజన్నకు కోపం రాదా అని అడిగింది. వస్తే మా ఆఫీసు మీదికి రమ్మనండి అన్నాను.

అన్నానే కానీ ఆ తర్వాత నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. జుట్టు పెరుగుతున్నన్నాళ్లూ పిల్లకు వినికిడి లేనట్టే. పరీక్షల నాటికి పాఠం అందుకోకపోతే ఇక తమ వల్ల కాదని, చెవిటి పిల్లల బడికి మార్చుకోవాలని బడిలో చెప్పేశారు. అక్కడికి పోతే వచ్చిన మాటలు పోయి సైగలే మిగులుతాయని తల్లి భయం. ఆమె అప్పుడప్పుడు ఫాల్ కుట్టిన చీరలు అమీర్‌పేట షాపుల్లో ఇచ్చి, మా మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడేది. ఏమైందని అడిగేది కాదు. మా ముఖాలు చూసి వెళ్లిపోయేది. తిట్టినా బాగుండును అనిపించేది.

దారి దొరికింది మాత్రం టీ తాగుతుండగా. జుట్టున్నమ్మ ఎన్ని కొప్పులైనా పెడుతుందంటారు. జుట్టు ఉన్నది ఉన్నట్టే ఉంచి పక్కకు తప్పించాలంటే మా ఇళ్లలో ఏం చేస్తాం? పాపిట తీస్తాం. నేను దువ్వెన కొసతో నా చెవి వెనక జుట్టులో ఒక పాపిట తీసి కుర్ర ఇంజనీరుకు చూపించాను. సన్నగా, తెల్లగా, ఒట్టి చర్మం. అతను కప్పు పక్కన పెట్టి వంగి చూశాడు. మన బిళ్ల ఈ సందులో పట్టదు మేడమ్ అన్నాడు. పాపిట వెడల్పు చేస్తే జుట్టు తీసినట్టే అవుతుంది అన్నాను. కిటికీలోంచి కింద పంజాగుట్ట చౌరస్తా వైపు కాసేపు చూశాడు. బస్సులు ఎక్కడివక్కడ ఆగి ఉన్నాయి, సందులోంచి స్కూటర్లు పోతున్నాయి.

"రోడ్డు ఎడల్పు చేసుడు మనతోని కాదు మేడమ్. బండినే సన్నగ చేద్దాం."

అలా గుండ్రటి బిళ్ల పోయి చిక్కుడు గింజ వచ్చింది. పాపిటలో పట్టేంత సన్నం, నొప్పి పెట్టకుండా ఉండేంత పొడుగు. చెప్పినంత సులువుగా కాలేదు. సన్నగా చేస్తే గుచ్చుకుంది, పొడుగ్గా చేస్తే ఒక కొస లేచిపోయింది, రబ్బరు అతికిస్తే కంపనం దానిలోనే మునిగిపోయింది. పాడైన ముక్కలతో ఒక డబ్బా నిండింది. ఈలోగా అతనికి హైటెక్ సిటీలో ఉద్యోగం వచ్చేసింది. ఫికర్ చేయకండి, ఈ చిక్కుడు గింజ అయినంకనే పోత అన్నాడు. అక్కడివాళ్లను బతిమాలి చేరే తేదీ జరిపించుకున్నాడు. గింజ కుదిరిన వారానికే సమోసాలు తెప్పించి అందరికీ పంచి వెళ్లిపోయాడు. ఈ మధ్య ఒక పెళ్లిలో కనిపించాడు, జుట్టు సగం పోయింది. ఇన్నేళ్లు పనిచేసిన మేడమ్, నేను జేసినవాటిల్ల చేతితోని పట్టుకునేటిది గదొక్కటే అన్నాడు.

కంపెనీ సంగతీ చెప్పేస్తాను. కొత్త అచ్చు ఆలస్యమైంది. మా పట్టీ బయటికి వచ్చేసరికి విదేశీ మిషన్లు దిగాయి, చిన్నవి, నాజూకైనవి. మావి కొందరి తలల మీదికి చేరాయి, అంతే. కొన్నేళ్లకు ఆఫీసు మూతపడింది. మా అంతస్తును ఒక కోచింగ్ సెంటరు తీసుకుంది. పరుపుల గదిని వాళ్లు అలాగే ఉంచుకుని అందులో క్లాసులు చెప్పారని విన్నాను. నేను మరోచోట చేరి, అక్కడే రిటైరయ్యాను. గెలిచామా ఓడామా అని ఎవరైనా అడిగితే, కూర్చుని మాట్లాడుకుందాం, నిలబడి చెప్పే సంగతి కాదంటాను. మీకు చెప్పేది ఒకటే, మీరు ఏది తయారుచేసినా, దాన్ని మొదట ఎవరి తల మీద పెట్టి చూశారో గుర్తుంచుకోండి. ఆ తల పోలిక దానికి వచ్చేస్తుంది.

గింజ కుదిరాక పిల్లను పిలిపించిన రోజు మిగిలింది. దాని దగ్గరికి రావడానికే ఇదంతా చెప్పాను.

బడి పరీక్షలు దగ్గర పడ్డాయి. పిల్ల జుట్టు పిలకకు అందేంత వచ్చింది కానీ చింపిరిగా ఉంది. గుండు భయంతో తల మీద ఎవరినీ చెయ్యి వేయనివ్వడం లేదట, దువ్వెన చూపించినా మంచం కిందికి దూరుతోందట. మా దగ్గరా అంతే, గోడకు ఆనుకుని రెండు చేతులూ తల మీద పెట్టుకుని నిలబడింది. డైరెక్టరుగారు ముందుకు రాలేదు, గుమ్మం దగ్గరే ఆగిపోయారు. నేను నా జడ ముందుకు వేసుకుని, కొస పిల్ల చేతికి ఇచ్చాను. నీ జుట్టు ఒక్కటి తెగినా ఇది లాగెయ్ అని సైగ చేశాను. జడను ఒకసారి గుంజి చూసింది. తర్వాత కుర్చీలో కూర్చుంది. నా జడ మాత్రం పిడికిట్లోనే ఉంచుకుంది.

నేను వెనక నిలబడి చిక్కులు తీశాను. కుడివైపు పాపిట తీసి, గింజను అందులో కూర్చోబెట్టి, పట్టీ మీదికి జుట్టు కప్పాను. మిషన్ ఆన్ చేశాను. మాటల పరీక్ష తర్వాత చేద్దాంలే, ముందు ఈ జుట్టు ఒక దారికి తెద్దాం అనుకుని పిలక కట్టడం మొదలుపెట్టాను. రబ్బరు బ్యాండు పళ్ల మధ్య పట్టుకుని ఉన్నాను. పిల్ల కాస్త పక్కకు వంగింది. ఇంట్లో ఏ ఆడపిల్ల తల దువ్వుతున్నా నోటికి వచ్చే మాటే నాకూ వచ్చింది, గొణుక్కున్నట్టు వచ్చింది.

"తల కదపకు."

"కదుపుతలేను."

నా చేతులు ఆగిపోయాయి. పిల్ల నా పెదవులు చూడలేదు, ఎవరి ముఖమూ చూడలేదు, గోడవైపు చూస్తూ చెప్పింది. తల్లి లేచి వచ్చి నా చేతిలో దువ్వెన తీసుకుంది. పిల్ల వెనక నిలబడి, నాకే సరిగ్గా వినపడనంత మెల్లగా, ఒక్క మాట అంది.

"సబ్బు తేపో బిడ్డా."

"ఈడ సబ్బు ఏడికెల్లి తేవాలె?" అంది పిల్ల విసుగ్గా.

తల్లి ఎడమవైపు జుట్టు చేతిలోకి తీసుకుంది. రెండేళ్లుగా ఆమెకు వినే పిల్ల ఉన్నప్పుడు దువ్వడానికి జుట్టు లేదు, జుట్టు ఉన్నప్పుడు వినే పిల్ల లేదు. దువ్వెన పాపిట మీద నిలవడం లేదు, రెండుసార్లు జారింది. ఆమె కళ్లు తుడుచుకుని, మళ్లీ మొదలుపెట్టి, తల కదపకు బిడ్డా అంది.

"నా తల కదులుతలేదే అమ్మా. నీ చెయ్యే కదులుతున్నది."